ఎడమ కాలు

ముప్పై రెండేళ్ళు
నా రెండు పాదాలూ ఒకే ఇనప పలక మీద కాపురం చేశాయి.
ఒకటి నొక్కితే ఒకటి లేచేది.
ఏది ముందో ఏది వెనకో
మిషన్ని అడిగినా చెప్పలేదు.

ఇప్పుడు పోతురాజు బాబాయి అంటాడు:
"ఈ బండిలో ఎడమ కాలికి పన్లేదే మంగతాయారూ,
దాన్నలా వదిలెయ్."

వదిలేస్తే ఊరుకుంటుందా?
పెళ్ళింట్లో పని చెప్పని చుట్టంలా
ఏదో ఒకటి ముట్టుకోబోతుంది.
మొదటి రోజే బ్రేకు మీద పడింది,
నా నుదురెళ్ళి అద్దానికి బొట్టు పెట్టింది.
రెండో రోజు జాకెట్టు గుడ్డ అంచు చింపి
ఆ పీలికతో చీలమండని సీటుకి కట్టేశాను,
పాలు తీసేవేళ దూడని కట్టినట్టు.

బండి కాకినాడ డాక్టరుగారిది, పాతది.
తలుపు తీస్తే ఇప్పటికీ స్పిరిట్ వాసన.
గేర్లు మార్చే పని లేదు, నాలుగక్షరాలున్నాయంతే.
ముక్తేశ్వరం సెంటర్లో టీ కొట్టు దగ్గర
"ఇదీ ఒక బండేనా" అన్నాడెవడో.
బాబాయి బీడీ ఆర్పి
"మన పంటుకెన్ని గేర్లున్నాయిరా?
మీ అమ్మమ్మని అవతలి రేవులో దించిందా లేదా?"
నలభై ఏళ్ళు కోటిపల్లికి పంటు నడిపిన మనిషి.
రోడ్డుని కూడా ఏరనే అంటాడు.

"బ్రేకు వదులు. ఏమీ తొక్కకు.
చూశావా, తనే పాకుతోంది.
తాడు విప్పిన పడవ ఇంతే.
కదలడం దానికొచ్చు,
ఆపడం నువ్వు నేర్చుకో."

ఎండగట్టిన రొయ్యల చెరువులో మా బడి.
పగుళ్ళ మధ్య విరిగిన ఏరేటర్ రెక్క ఒకటి.
అమలాపురంలో బండితో ఎనిమిది వెయ్యాలట.
బాబాయి కొబ్బరి మట్టతో గీశాడు,
అది ఎనిమిదీ కాలేదు, ఆరూ కాలేదు.
నేను దిగి, ముగ్గుపిండి పోస్తూ
రెండు చంక వంపులు ఎదురెదురుగా పెట్టి కలిపాను.
వంపు నాకు తెలుసు.
చంక దగ్గర కత్తెర తిప్పం, గుడ్డని తిప్పుతాం.
స్టీరింగూ అంతే అనుకున్నాను.
కాదు.
పాతిన తొమ్మిది వెదురు పుల్లల్లో ఆరు పడ్డాయి.
మర్నాడు నాలుగు.
నిన్న ఒక్కటే,
అదీ గాలికే పడిందని బాబాయి ఒట్టేశాడు.

వెనక్కి నడపడం మాత్రం ఇంకా రాలేదు.
నిలువుటద్దం ముందు నిలబెట్టి
ఎందరి భుజాలు సరిచూశానో!
ఏ పక్క వదులో ఇట్టే చెప్పేదాన్ని.
ఈ అరచెయ్యంత అద్దంలో
కొబ్బరి చెట్టు ఏ పక్కనుందో చెప్పలేకపోతున్నాను.

కాలవ గట్టు మీద బాతులు అడ్డం.
రెండొందలుంటాయి, వెనక గెడతో ఓ కుర్రాడు.
నా చెయ్యి హారన్ మీదకి పోతే
"కొట్టకు, వాడి లెక్క తప్పుద్ది."
పాదం బ్రేకు మీద పెట్టి కూర్చున్నాం.
పోదాం పోదామంటూ కింద సన్నగా వణుకుతోంది బండి.
చివరి బాతు కుంటిది.
అది దాటేదాకా నా కాలు కదల్లేదు.
బాబాయి ఏమీ అనలేదు,
కొత్త బీడీ మాత్రం వెలిగించుకున్నాడు.

ఆఫీసులో నా కాగితం చూసి గుమాస్తా నవ్వాడు:
"ఇంటిపేరే బళ్ళ! ఇంక లైసెన్సెందుకమ్మా?"
బడి యూనిఫారాల మూటలు,
మూటకింతని ఆటోవాళ్ళు, వానొస్తే ఇంకింతని,
తడిసిన నిక్కర్లకి హెడ్మాస్టర్ల మాటలు...
అవన్నీ అతనికెందుకు?
"ఇంటిపేరు మా ఆయనదండీ. బండి నాది" అన్నాను.

రేపు పదిన్నరకి పరీక్ష.
చేతులు కుట్టాల్సిన జాకెట్టొకటి మిగిలిపోయింది.
కొట్లో లైటేసి మిషన్ ముందు కూర్చుంటే
కుడి కాలు పలక మీదికెక్కింది.
ఎడమది రాలేదు.
నేల మీదే ఉండిపోయింది,
చెప్పిన మాట విన్న పిల్లలా.

వంగి, పీలిక ఒరుసుకున్న చోట తడిమాను.
"రావే" అన్నాను.
"రేపటి సంగతి రేపు."