మోతాదు

మాటలోనే ఉంది చిక్కు.
మా భాషలో రెండూ మందే:
సీసాలో పోసి ఇచ్చేదీ, గొట్టంలో పోసి పేల్చేదీ.
వారంలో అయిదు రోజులు మొదటిది కొలుస్తాను
ఒహాయోలో, మేరియెట్టా ఊరి ఫార్మసీలో.
శనివారం రెండోది.

తుపాకి వెర్లిన్ స్టాడ్లర్‌ది.
మేపుల్ కర్ర తనే చెక్కాడు, పదకొండు చలికాలాలు పట్టిందట.
గొట్టం కొత్తది, ఇంకా ఎవరి మాటా వినలేదు.
వెర్లిన్‌కి చేతులు వణుకుతాయి.
అందుకని భుజం నాది, కన్ను నాది,
తిట్లు మాత్రం ఆయనవి.

"యాభైతో మొదలెట్టు" అన్నాడు.
యాభై గ్రెయిన్లు.
మా తాత కంసాలి త్రాసులో
ఇరవై ఏడు గురిగింజలు, అటూ ఇటూగా.
గురి అనే మాట ఆ గింజలో ఎందుకుందో
ఆయన్ని అడగలేదు నేను.

నల్లమందు పోసి
కొవ్వు రాసిన గుడ్డముక్కలో సీసపు గుండుని కూర్చోబెట్టి
గజంతో కిందికి, కిందికి,
గజం మీది గీత గొట్టం అంచుని తాకేదాకా.
చివర్న చనుమొన మీద రాగి టోపీ.

మస్కింగమ్ ఒడ్డున మట్టిగట్టు ఉలిక్కిపడింది.

కాల్చిన ప్రతిసారీ తడిగుడ్డతో గొట్టం తుడవాలి.
అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటే కుదరదు,
ఇక్కడ తొక్కడమూ కడగడమూ ఒకటే పని.
అరవైకి మూడు చిల్లులు
మాటల్లేని అన్నదమ్ముల్లా తలో మూల.
అయిదు పెంచాను. ఇంకో అయిదు.
పెంచితే కుదురుతుందనుకోవడం మా వృత్తిలో పాత అలవాటు.
ఎనభైకి నా భుజం కమిలింది,
గుండు కాగితాన్నే మర్చిపోయింది.

వెర్లిన్ గురికాగితం వైపు చూడను కూడా లేదు.
గడ్డిలో మోకాళ్ళ మీద వంగి
రాలిన గుడ్డముక్కలు ఏరుతున్నాడు.
ఒకదాన్ని ఆకాశానికి అడ్డం పెట్టాడు:
నడిమధ్యన కాలిన కంత,
అందులోంచి నవంబరు.
"మందుకేం? రోగం గుడ్డలో ఉంది."

మరుసటి శనివారం పాతసామాన్ల కొట్లో
నీలిచారల దిండొకటి, డాలరున్నర.
ఈకలు దులిపేసి గలీబు కత్తిరించాం.
గట్టి నేత. ఎవరి తలని ఎన్నేళ్ళు మోసిందో,
ఎవరి జ్వరాన్ని, ఎవరి గురకని.
ఇప్పుడు సీసాన్ని చుట్టుకుని చీకట్లోకి దిగింది.

డెబ్బై. తుడుపు. డెబ్బై. తుడుపు. డెబ్బై.

పులిచింతాకులా మూడు చిల్లులు,
ఒకదాని భుజం మీద ఒకటి.
వెర్లిన్ బొటనవేలు పెట్టి మూడింటినీ కప్పాడు.
వేలు వణుకుతూనే ఉంది.
నోటుబుక్కులో వంకర అక్షరాలు:
"70. దిండు గలీబు. పారేయొద్దు."

జనవరిలో వేట నాలుగు రోజులు, మూడు రోజులు వాన.
నాలుగో రోజు వచ్చిన ఆడజింక
మమ్మల్ని చాలాసేపు చూసి వెళ్ళిపోయింది.
చీకటి పడ్డాక గుండుని గట్టులోకి పేల్చి
ఖాళీ తుపాకితో తిరిగొచ్చాం.

సోమవారం కౌంటరు దగ్గరికి చీటీ వచ్చింది.
వణుకుకి బిళ్ళలు.
పోయిన వసంతంలో ఇరవై, వేసవిలో నలభై, ఇప్పుడు అరవై.
పెంచింది డాక్టరు, ఎంచి ఇచ్చింది నేను.
ఆయన లోపల కాలుతున్న గుడ్డ ఏదో
గడ్డిలో వంగి వెతికినవాళ్ళం ఎవరమూ లేము.

ట్రేలో బిళ్ళలు పోసి, ఎంచకుండా ఆగాను.
"రాత్రిళ్ళు నిద్ర పడుతోందా, వెర్లిన్?"

వెనక క్యూలో ఎవరో దగ్గారు.
ఆయన టోపీ తీసి
కౌంటరు మీద పెట్టాడు.