ఏం పళ్ళు

అంబత్తూరు క్లినిక్కు నుంచి పోరూరు దాకా
ఒళ్ళో డబ్బా పెట్టుకుని బస్సులో కూర్చున్నాను.
పక్క సీటామెది సూళ్ళూరుపేట.
నా ఫోను మాటల్లో తెలుగు పట్టేసి
"ఏముందమ్మా అందులో?" అంది.
"పళ్ళు."
"ఏం పళ్ళు?"
మన భాషలో ఆ ప్రశ్నకి
జామ అనో సపోటా అనో జవాబు చెప్పాలి.
నేను మూత ఇంకాస్త బిగించి
"మనుషులవి" అన్నాను.
వళసరవాక్కం రాకముందే
ఆమె వేరే సీటు చూసుకుంది.

ఆమె తప్పేం లేదు.
వేరు అన్నాం, చిగురు అన్నాం, పళ్ళు అన్నాం,
నోటిని ఎప్పుడూ చెట్టులాగే పిలిచాం.
రాలినవాటిని ఎవరు ఏరుకుంటారో
ఎవరూ అడగలేదు.

నేను ఏరుకుంటాను.
రెండు జతల గ్లవ్స్, కళ్ళకి అద్దాలు,
బ్లీచు నీళ్ళలోంచి ఒక్కొక్కటే తీసి
స్కేలర్‌తో వేరు చుట్టూ గీకుతాను.
ఉల్లిపొరంత పల్చగా ఏదో లేచి వస్తుంది.
ఎముకని పట్టుకుని ఉన్నది అదే ఇన్నేళ్ళూ.
పీకేటప్పుడు చివరిదాకా వదలనిదీ అదే.

సెల్వమణి అక్క నేర్పిన మొదటి పాఠం:
వెండి ఫిల్లింగు ఉన్నదాన్ని
పొరపాటున కూడా ఆవిరిలో పెట్టకు,
పాదరసం పొగై గదంతా తిరుగుతుంది.
వాటికి వేరే సీసా, ఫార్మలిన్, రెండు వారాలు.
ఎవరో జీతంలో కొంత మిగిల్చి
పోనివ్వకూడదని పూడ్పించుకున్న పళ్ళు.
పోయాక కూడా విడిగానే కూర్చుంటాయి.

మిగతావాటికి ఆటోక్లేవ్.
నూట ఇరవై ఒక్క డిగ్రీలు, నలభై నిమిషాలు.
పోయిన మంగళవారం వానకి
ముప్పై ఒకటో నిమిషంలో కరెంటు పోయింది.
"ముప్పై ఒకటికి పుణ్యం రాదు, మళ్ళీ మొదట్నించి"
అంది అక్క తమిళంలో, టీ తాగుతూ.
రెండుసార్లు ఉడికితే డెంటిన్ గట్టితనం తగ్గుతుందేమోనని
నోటుబుక్కులో ఎర్ర సిరాతో రాసుకున్నాను.
ఆ బ్యాచ్ మొత్తం పక్కన పెట్టాల్సి వచ్చింది.

నాకు కావలసినవి నలభై.
అన్నీ ముందు దవడపళ్ళే, పుచ్చు లేనివి, పగులు లేనివి.
పళ్ళకి కమ్మీలు వేయించుకునే పిల్లల నోళ్ళలోంచి వస్తాయి.
ఏ తప్పూ చేయలేదు.
వరసలో చోటు చాలలేదు, అంతే.
వీటిని అక్రిలిక్ దిమ్మల్లో నిలబెట్టి, జిగురు అంటించి,
యంత్రంలో పెట్టి లాగుతాను.
ఎంత బలానికి ఊడిందో ఒక అంకె వస్తుంది.
ఆ అంకె కోసమే ఇదంతా.

పేరు లేదు, వయసు లేదు, ఊరు లేదు.
ఎథిక్స్ కమిటీకి అలాగే రాసి సంతకం పెట్టాను.
ఇరవై ఏడోదాన్ని దీపం కిందికి తెచ్చేదాకా
అది నిజమే అనుకున్నాను.

అడ్డంగా రెండు గోధుమరంగు చారలు.
మధ్యలో సుద్ద తెలుపు.
చారకీ చారకీ నడుమ ఎన్ని వేసవులు గడిచాయో
నేను చెప్పగలను.
మా కనిగిరి వైపు బోరు నీళ్ళు
సొంత దస్తూరీతో చేసే సంతకం అది.
ఏ కమిటీ దాన్ని చెరపలేదు.

ఫ్లోరోసిస్ ఉన్నవి పనికిరావు.
నిబంధన నేనే టైపు చేశాను, మూడో పేజీలో.
మినహాయించినవి: ఒకటి. కారణం: ఎనామెల్ లోపం.
పసుపు సంచీలో వేసేస్తే పని అయిపోతుంది.

హాస్టల్లో చేరిన రోజు గ్రూప్ ఫొటోలో
పెదాలు మూసుకుని ఉన్నది నేనొక్కదాన్నే.
గర్వం అనుకున్నారు కొందరు.

పనికిరానిదాన్ని కడగక్కర్లేదు.
కడిగాను.
వేరు దగ్గర మరీ నెమ్మదిగా.
నలభైతో పాటు ట్రేలో పెట్టాను.

అక్క మూత వేయబోతూ లెక్కపెట్టింది.
"నలభై ఒకటి ఉన్నాయే. ఇదెందుకు?"

మాస్కు కిందికి లాగి
నోరంతా తెరిచి నవ్వాను.

అక్క కాసేపు చూసింది.
తరవాత టైమర్ తిప్పింది,
నలభై నిమిషాలకి.