ఎడమవైపు బురద

ఆదివారం ఆట అయ్యాక
మూతపడ్డ మాంసం ఫ్యాక్టరీ గోడ పక్కన,
ఉరుగ్వే నదికి వీపు పెట్టి కూర్చుంటాం.
మాతే బుర్ర చేతులు మారుతుంది.
ఉన్నది ఒకటే బుర్ర, ఒకటే గొట్టం, ఆరు నోళ్లు.
మాటలు మాత్రం ఎవరి బుర్రలోవి వాళ్లవే.

"పదిహేడేళ్లకి ఆ మలుపేంట్రా!" అంటాడు దార్దో,
ముప్పై ఏళ్లు డబ్బాలకు మూతలు బిగించిన చేత్తో
ఆ మలుపును గాల్లో మళ్లీ తిప్పుతూ.
"డిఫెండర్ ఇటు పోయాడు, బంతి అటు పోయింది,
గోల్‌కీపర్ ఎటు పోవాలా అని
ఇప్పుడు ఇంట్లో పళ్లెం ముందు కూర్చుని కూడా
ఆలోచిస్తూనే ఉంటాడు."

మంగలి లీబెర్ ఒప్పుకోడు.
ఒప్పుకోవడం ఆయన ఇంటావంటా లేదు.
"బక్కవెధవ. గాలొస్తే పడతాడు.
తలతో కొట్టమంటే కళ్లు మూసుకుంటాడు.
నా కుర్చీలో కూర్చున్నా అంతే,
కత్తెర చప్పుడుకే మూసేస్తాడు."

"నాకు పదకొండు తోర్తాల బాకీ," అంటుంది వాల్కీరియా,
నూనె మరకల బుట్ట ఒళ్లో పెట్టుకుని.
"మోంటెవిడియో పోయేలోపు తీర్చమని చెప్పండి."
కాసేపాగి,
"వద్దులే, ఉండనీ.
బాకీ ఉన్నవాడు ఊరు మరవడు."

వచ్చే ఆదివారం రాజధాని నుంచి
నోటుబుక్కు పట్టుకుని ఒకాయన వస్తున్నాడట.
ఇంకా అమ్ముడుపోని కుర్రాడి డబ్బుతో
దార్దో అప్పుడే స్టాండుకు పైకప్పు వేసేశాడు.
లీబెర్, వాడికి అంత రాదు రాదు అంటూనే,
ఆ కప్పుకు రంగు ఎంచుతున్నాడు.

నేను జెర్సీలు ఉతుకుతాను.
పంతొమ్మిదేళ్లుగా అదే సిమెంటు తొట్టి, అదే బార్ సబ్బు.
ఆట నేను చూసేది తక్కువ, చదివేది ఎక్కువ:
గోల్‌కీపర్ మోచేతి పచ్చిక మరక,
కెప్టెన్ చించుకున్న కాలరు,
బెంచీ మీదే కూర్చున్న పిల్లాడి చొక్కాకు
చెమట కూడా అంటని సిగ్గు.

యమందూది తొమ్మిదో నంబరు.
మార్చి దాకా చొక్కాకు రెండువైపులా బురదే,
పందిపిల్లలా దొర్లి వచ్చేవాడు.
ఏప్రిల్ నుంచి ఎడమవైపే.
ఎడమ భుజం, ఎడమ తుంటి, నిక్కరుకూ ఎడమ అంచే.
కుడివైపు ఇస్త్రీ చేసి ఇచ్చింది ఇచ్చినట్టు తెల్లగా.

కుర్రాడు పడటం నేర్చుకున్నాడు,
కుడి మోకాలిని నేలకు చూపించకుండా.
దార్దో గాల్లో తిప్పి తిప్పి మురుస్తున్న ఆ మలుపు
అందుకే ఎప్పుడూ ఎడమకే.
ఆ కాలు మీద ఒక్క క్షణం ఎక్కువ నిలబడలేక
వాడు తిరిగిపోతాడు.
మేం లేచి నిలబడి చప్పట్లు కొడతాం.
నేనూ కొట్టాను.

మొన్న మేజోడు తిరగేస్తే
నొప్పి మాత్రల రేకు రాలింది, నాలుగు గుంతలూ ఖాళీ.
ఏం చేయాలో తోచక
దాన్ని తుడిచి, మడిచి,
ఆరిన మేజోడులోనే మళ్లీ పెట్టాను.
"చొక్కా బాగా తెల్లబడింది, సెన్యోరా" అన్నాడు మర్నాడు,
నాతో కాదు, నా చెప్పులతో.
వాళ్లమ్మ చేపల షెడ్డులో రాత్రి పని.
తమ్ముడికి కొత్త బూట్లు.
నాకు తెలిసినవన్నీ ఉతికితే పోయేవి కావు.

బుర్ర నా దాకా వచ్చింది.
"నువ్వేమంటావు, ఓతీలియా?
మాట్లాడవేం, నీకు ఆట తెలియదా?"
అందరూ నా వైపే.
స్టాండు మీద లేని పైకప్పు కూడా.

మా దగ్గర మాతే తాగేటప్పుడు
ఎవరూ ఎవరికీ థాంక్స్ చెప్పరు.
చెప్పారంటే ఇక చాలని అర్థం,
బుర్ర మళ్లీ వాళ్ల చేతికి రాదు.

గొట్టం గరగరమనే దాకా తాగాను.
బుర్ర తిరిగిచ్చి
"గ్రాసియాస్" అన్నాను.

"అప్పుడేనా?" అన్నాడు దార్దో,
ఫ్లాస్కు ఊపి చూస్తూ.
నీళ్లింకా వేడిగానే ఉన్నాయి.