రేగడికుంట హాల్ట్

పసుపు బోర్డు మీద ఊరి పేరుంది గని
పిలిస్తే పలికే మనిషి లేడు.
టికెట్ల కిటికీకి రేకు కొట్టి మూడేండ్లు.
రేకు మీద ఏ పిలగాడో బొగ్గుతోని ఇంజను గీసి
దానికి మీసాలు పెట్టిండు.

ఇదివరకు కమీషన్ మీద కనకరాజం కూసునేది.
రైలొచ్చే యాళ్లకు పొలంల నుంచి
బురద కాళ్లతోనే ఉరికొచ్చి
అట్ట టికెట్టు మీద తారీకు గుద్దేటోడు.
టికెట్టుకు అంత బురద అంటేది.
మా ఊరి మన్ను
పైస కట్టకుండనే కాజీపేట చూసొచ్చేది.

ఇప్పుడు టికెట్టు ఫోన్లనే.
కనకరాజం ఉన్నడు, మేకలు కాస్తడు.
పుష్‌పుల్ కూత ఇనవడితే మాత్రం
చెయ్యి దానంతటదే లేచి
లేని ముద్రను మోకాలి మీద గుద్దుకుంటది.

నాది ఎంజీఎంల రాత్రి డ్యూటీ.
పొద్దుగాల ఏడుంబావుకు ఒక్కదాన్నే దిగుత.
ప్లాట్‌ఫారమంటే ఏం లేదు,
మొరం కట్ట, కంకర, పల్లేరు కాయలు.
ఆఖరి మెట్టుకూ నేలకూ నడుమ
నడుమెత్తు గాలి.
ముందు బ్యాగు ఇసిరి, తర్వాత నేను.

ఆగేది ఒక్క నిమిషం.
గా నిమిషంలనే
సారవ్వ వంకాయల గంప ఎక్కాలె,
సారవ్వ ఎక్కాలె,
పెద్దపల్లి ఐటీఐ పోరగాండ్లు
తినుకుంట, కొట్లాడుకుంట ఎక్కాలె,
మొగిలి తన సైకిలును కరెంటు కంబానికి కట్టేసి
తాళం పడ్డదో లేదో మళ్లోసారి చూసి ఉరకాలె.

ఎనుక డబ్బాల గార్డు.
పేరు తెల్వదు. దారం కట్టిన కండ్లద్దాలు.
నేను పట్టాలు దాటి బాట ఎక్కిందాంక
పచ్చజెండ ఇప్పడు.
ఇన్నేండ్లల్ల ఒక్క మాట లేదు.

మొన్న,
రాత్రి పన్నెండో బెడ్డు ముసలాయన
నా చెయ్యి పట్టుకొనే పోయిండు.
బిడ్డ అనుకున్నడో, పెండ్లాం అనుకున్నడో.
కాజీపేటల ఎట్ల ఎక్కిన్నో యాది లేదు.
దిగి, కట్ట మీదనే కూలవడ్డ.

రైలు కదల్లే.
నిమిషమాయె. రెండాయె.
ముందు నుంచి ఒక కూత,
చిన్నగ, ఏమైంది అన్నట్టు.
కిటికీల పొడుగునా తలకాయలు.
ఎక్కిన సారవ్వ మళ్ల తలుపు కాడికొచ్చి
"ఏందే బిడ్డా" అంటున్నది.
గార్డు జెండ చంకల పెట్టుకొని
నా దిక్కే చూస్తున్నడు, తొందర లేనోడి లెక్క.

లేచిన.
చీరెకు అంటిన మొరం దులుపుకున్న.
పోనీయమని చెయ్యి ఊపిన.
నేను ఊపినంకనే
జెండ ఊగింది.

ఆ నాలుగు నిమిషాల ఆలస్యం
ఏ పుస్తకంల ఏమని రాసిండ్రో గని
ఓదెల, పెద్దపల్లి, మంచిర్యాల దాటి
బల్లార్షా దాంక పోయే ఉంటది,
నా పేరు మీద,
పైస కట్టకుండ.