బాకీ

కూడ్లు గేటు కాడ, మెట్రో స్తంభం నీడలో
పద్నాలుగేళ్ళుగా టెంకాయలు కొడుతున్నా.
పేరు ఓబులమ్మ. ఎవరూ అడగరు.
"ఎళనీరు" అని పిలుస్తారు, పలుకుతా.

పోయినేడు చిత్త కార్తె ముసురులో
డివైడరు తెగిన చోట ఒకాయన పడినాడు.
క్యారియరు మూత ఊడి
ఉప్పిట్టు రోడ్డంతా.
మొదట ఉరికింది నేనే.
చంకల్లో చేతులేసి గుంజి కూర్చోబెట్టినా.
తల అటు వాలితే ఇటు తిప్పినా.
లేతకాయ కొట్టి నోట్లో పోసినా,
బిడ్డకు పోసినట్టే పోసినా.
గుటక పడలేదు. దగ్గొచ్చింది.
ఆ దగ్గు
ఇప్పటికీ ప్రతి కాయలోనూ వినపడుతుంది.

ఎండాకాలంలో ఫ్లైఓవరు కింద కుర్చీలేసినారు.
ఇద్దరు ట్రాఫిక్ పోలీసులు, ఒక నర్సమ్మ, ఒక రబ్బరు బొమ్మ.
ఆటో ముబారకు, పూల సాకమ్మ, నేను.
మజ్జిగ ప్యాకెట్టు ఇస్తారంటే పోయినా, అబద్ధమెందుకు.
మెడ కదిలించొద్దు, అనింది నర్సమ్మ.
రక్తం కారే చోట గుడ్డ పెట్టి అదిమి పట్టు,
ఆగిందా అని చెయ్యి తీసి చూడొద్దు.
నీళ్ళు ఇవ్వొద్దు. ఎంత అడిగినా ఇవ్వొద్దు.
అందరూ తలలూపినారు.
"ఇచ్చింటే?" అన్నా నేను.
ఆమె చానాసేపు నన్నే చూసింది.
"తెలియక ఇచ్చింటే తప్పు కాదమ్మా."
తెలియక అనే మాట చెప్పులో రాయి.
అట్నే నడిచి ఇంటికి పోయినా.

ఆషాఢంలో, రాత్రి ఎనిమిదిన్నర.
అదే తెగిన డివైడరు. నీళ్ళ ట్యాంకరు తోక తగిలింది.
చిన్న పిల్లోడు. వీపు మీది తిండిపెట్టె ఇంకా వేడిగానే ఉంది,
ఎవరి ఇంట్లోనో ఎవరో ఆకలితో విసుక్కుంటా ఉంటారు.
మంది మూగినారు. ఫోన్లు ఎత్తినారు, బొమ్మ తీసుకునేకి.
ఒకడి చెయ్యి పట్టుకుని "నూటెనిమిదికి కొట్టు" అని అరిచినా.
ముబారకు ఆటో అడ్డం పెట్టి లైట్లు మిణుకుమనిపించినాడు.
సాకమ్మ మోకాళ్ళ మీద కూలబడి
వాడి తలని, హెల్మెట్టుతో సహా,
నిండు పూలబుట్టలా కదలకుండా పట్టుకునింది.
తొడ మీద నా కొంగు. కొంగు మీద నా చేతులు.
రోజుకు రెండొందల కాయలు కొట్టే చేతులు
ఊరికే అదిమి పట్టుకునే దానికి వణికినాయి.

వాడు కళ్ళు తెరిచి
నా భుజం మీదుగా బండి వైపు చూసినాడు,
పచ్చటి కాయల గుట్టను.
"అమ్మా, నీరు."
కన్నడంలోనూ నీరే, మన మాటలోనూ నీరే.
తెలియలేదని తప్పించుకునే దారి లేదు.

దప్పికన్నోళ్ళకు లేదంటే
వంశం ఎండిపోతుందనేది మా జేజి.
జేజీ, ఆ పొద్దు నూటెనభై కాయలు పెట్టుకుని
లేదన్నా.
"ఇస్తా నాయనా. బాకీ. ముందు బతుకు."

పదకొండు నిమిషాలంట. లెక్కపెట్టింది ముబారకు.
అంబులెన్సు అబ్బి నా చేతుల కింద తన చేతులు దూర్చి
"ఏమవుతావమ్మా?" అన్నాడు.
చెప్పాల్సిన పని లేదంట ఇప్పుడు, పేరు కూడా.
"బాకీ ఉన్నా" అన్నా.
తలుపు మూసుకునింది.

వాడు బతికినాడో లేదో తెలీదు.
సున్నం బొట్టు పెట్టి ఒక కాయ పక్కన ఉంచినా.
ఇరవై రోజులయింది. పచ్చ పోయి మట్టిరంగు తిరుగుతా ఉంది.
ఊపితే ఇంకా చప్పుడుంది.

డివైడరు పూడ్చమని అర్జీ ఇచ్చి మూడు నెలలు.
రసీదు ముబారకు కాడ భద్రంగా ఉంది.
అందాకా, తాగి పారేసిన బోండాలకు సున్నం పూసి
సందేళ ఆ సందు పొడుగునా వరసగా పెడుతున్నా.
లైటు పడితే తెల్లగా లేస్తాయి.
బండ్లు ఒక్క క్షణం తగ్గుతాయి,
ఎవరో తిట్టుకుంటా పోతారు, పోనీ, పోతారు గదా.

శుక్రవారం చెత్తలారీ వచ్చి అన్నీ ఎత్తుకుపోతుంది.
శనివారం మళ్ళా సున్నం కలుపుతా.