కవరు చప్పుడు

ఎవరో జాకెట్టు గుడ్డ తెచ్చి
కవరు విప్పుతారు.
వెనక గదిలో ఐదు గొంతులు
ఒక్కసారే ఈల వేస్తాయి.
కొత్తిమీర కాదే తల్లీ, పట్టుగుడ్డ అది, అంటాను.
వినవు.
రోజుకి ఎన్ని కవర్లో
అన్నిసార్లు నేను మోసగత్తెను.

మొదట రెండే గినీపిగ్గులు.
రుబీనా పది పాసయిందని కొనిచ్చినవి.
రెండూ ఆడవే అన్నాడు అంగట్లో ఆయప్ప.
నా టేపు కొలతని నమ్మినట్టు
ఆ మాటనీ నమ్మినాను.
ఉగ్గాని, బజ్జీ అని పేర్లు పెట్టింది పాప.
బజ్జీ మగోడని
ఉగ్గాని పొట్ట చెప్పింది.
పిల్లలు కళ్లు తెరుచుకునే పుట్టినాయి,
బొచ్చుతో, పళ్లతో,
అప్పటికే ఆకలితో.

పాప తిరుపతి హాస్టలుకి పోయింది.
పోతా పోతా
"చూసుకుంటావు గదా మా" అనింది.
అది ప్రశ్న కాదని
నాకు అప్పుడు తెలీలేదు.

మే నెల. కడప.
ఏడురోడ్ల కాడ తారు మెత్తబడతాది,
మా రేకుల కింద గాలి ఉడుకుతాది.
ట్యాంకరు మూడురోజులకొకసారి.
బిందెలు లెక్కబెట్టుకునే ఇంట్లో
వాటి కింద గుడ్డలు ఉతకను రెండు బిందెలు.
పక్కింటి పుల్లక్క ఏమీ అనదు, చూస్తాది.
ఆ చూపు వదలగొట్టుకోను ఇంకో బిందె కావాల.

పెళ్లి జాకెట్లు పద్నాలుగు, తెల్లారేసరికి.
హుక్కులు కుట్టాల.
ఉసిరికాయ సన్నగా తరగాల, లేకుంటే
వాటి కీళ్లు వాస్తాయంట.
గడ్డి ఎండు గడ్డే కావాల, అది అయిపోయింది.
ఒక చేతిని రెండుసార్లు కుట్టి
రెండో చెయ్యి మరిచిపోయినాను.

ఆ రాత్రి రెండింటికి కరెంటు పోయింది.
చీకట్లో ఐదు చిన్న గుండెల చప్పుడు
వినిపించిందని చెప్పను, అబద్ధమవుతాది.
ఈలలే. ఈలలు.
"సచ్చిపోండి" అన్నాను.
గట్టిగానే అన్నాను.
ఆ మాట రేకులకి తగిలి
నా మీదే పడింది.
మిషను కింద కూలబడి
బాబిను పిడికిట్లో పట్టుకుని ఏడ్చినాను.

బజ్జీ వచ్చి నా కొంగు నమిలింది.
క్షమించి కాదు.
కొంగుకి కొత్తిమీర వాసన ఉండింది.

తెల్లారి చిన్నది గడ్డి ముట్టలేదు.
గుడ్డపీలికల బుట్టలో పెట్టుకుని
పశువుల ఆసుపత్రికి పోయినాను.
ముందర బర్రె, వెనక రెండు మేకలు,
నడుమ నేను, నా అరచేతంత రోగి.
డాక్టరమ్మ సుభాషిణి తిప్పి తిప్పి చూసి
"ఇవి నాకూ కొత్తేనమ్మా.
మగదాన్ని వేరు పెట్టు ముందు.
మిగతాది రాత్రికి చదివి చెప్తా" అనింది.
మందు కంటే ముందు
ఆ మాట పని చేసింది.
తెలియనిది నాకొక్కదానికే కాదు.

బండల కార్ఖానాలో పనిచేసే ఓబులేసు
మూల విరిగిన నల్ల నాపరాయి తెచ్చి దించినాడు.
రేటెంతప్పా అంటే
"విరిగినదానికి రేటేందక్కా."
రొన్ని నీళ్లు చల్లితే
ఐదూ దాని మీద
రొట్టెపిండి ముద్దల మాదిరి పరుచుకున్నాయి.
నేనూ ఓ పక్క పాదం ఆనించినాను.

రుబీనాకి ఎప్పుడూ బాగున్నాయనే చెప్తాను.
నిన్న చెప్పలేదు.
"నా చేత కావడం లేదు పాపా" అన్నాను.
చాలాసేపు ఫోన్లో ఊపిరే.
తరవాత
"నాకూ ఈడ చేత కావడం లేదు మా" అనింది.
ఇద్దరం ఇంకేం చెప్పుకోలేదు.
ఫోను వెనక గదిలోకి పట్టుకుపోయి
ఒట్టి కవరు నలిపినాను.
ఈలలు విని
ముక్కు చీదుకుంటా నవ్వింది.
ఈసారి మోసం కాకుండా
ఒక కట్ట విప్పి వేసినాను.

ఈరోజు గుడ్డలు ఉతకలేదు.
పాత పేపర్లు పరిచినాను.
వాకిట్లో ఎవరో
కవరు విప్పుతున్నారు, రేపటికి కావాలంట.
రేపు కాదక్కా, ఆదివారం, అన్నాను.
ఇన్నేళ్లకి నోరు తిరిగింది
ఆ చిన్న మాట.