ఎంత ఎరుపు మిగిలింది

పోర్ట్ కెంబ్లా ఉప్పు గాలి
ఇనుమునే కాదు, ఎరుపునూ తింటుంది.
తొంభైలో తయారైన నా రెండు సీట్ల కారు
బానెట్ మీద ఇప్పుడు
జ్వరం తగ్గినవాళ్ల పెదవి రంగు.
డిక్కీ మూత ఎత్తితే, ఎండ తగలని అంచుల్లో మాత్రం
ఇంకా పండుమిరప.

జోరాన్ గ్రైండర్ ఆపి, చేతులు తుడుచుకుని
చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.
మొత్తం గీకేద్దాం, అన్నాడు.
దీపాలు, రబ్బర్లు, అద్దాలు అన్నీ ఊడదీసి
రేకు దాకా వెళ్లి
అక్కణ్నించి పైకొద్దాం.
తొమ్మిది వేలు. ఆరు వారాలు.
తర్వాత నీ ముఖం చూసుకోవచ్చు దీంట్లో.
ముఖానికి ఇంట్లో అద్దం ఉంది కదా, అన్నాను.
నవ్వలేదు.
డబ్బు మాటలప్పుడు జోరాన్ నవ్వడు.

రైలు పట్టాలకి అవతల మెలె ఉంటుంది.
ఆమె రంగు వేయదు, ఉన్నదాన్ని పైకి తెస్తుంది.
జేబులోంచి చిన్న మీటరు తీసి
నాడి చూసినట్టు ఒక్కో రేకు మీదా ఆనించింది.
నూట పది.
నూట ఐదు.
బానెట్ నడిమధ్య డెబ్బై రెండు.
మైక్రాన్లు, అంది. ఒక వెంట్రుక మందం. నీ దగ్గరున్నది అంతే.
ఎడమ తలుపు దగ్గర
మూడు వందల నలభై.

ఇరవై ఆరేళ్లు ఎక్స్‌రే గదిలో పనిచేసినదాన్ని.
విరిగి అతుక్కున్న చోట
తెలుపు ఎలా చిక్కబడుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు.
దీన్ని నాకమ్మిన కోలిన్ థ్రప్
ఒక్క గీత పడనివ్వలేదన్నాడు, టీ కలుపుతూ.
ఏ వానలోనో, బులై ఘాట్ రోడ్డు దిగుతూ,
పక్క సీట్లో ఎవరున్నారో మరి.
ముందు పుట్టీ,
దాని మీద రంగు,
దాని మీద కోలిన్ నాకు చెప్పిన మాట.

మెలె బానెట్ మధ్యలో టేపు అతికించి
ఒక సగమే తోమి చూపించింది.
యంత్రం కింద
సగం కారు మేలుకుంది.
ఆమె చేతిలో గుడ్డ మాత్రం
కోడిని కోసినవాడి తువ్వాలు.

మా మేనత్త ఇత్తడి చెంబు గుర్తొచ్చింది.
రోజూ చింతపండూ బూడిదా.
అంచు మీద చెక్కించిన పేరు
మొదట లోతుగా,
తర్వాత గీతగా,
తర్వాత బొటనవేలికి మాత్రమే తెలిసే గరుకుగా.
ఆఖరికి చెంబు బంగారంలా ఉండేది,
ఎవరిదో తెలిసేది కాదు.

ఇలా ఎన్నిసార్లు తోమొచ్చు, అడిగాను.
ఇది కాక ఇంకొక్కసారి, అంది.
ఆ తర్వాత ప్రైమరే.

మూడు వారాలు అలాగే నడిపాను,
సగం నిద్రలో, సగం మెలకువలో ఉన్న బండిని,
రాత్రి డ్యూటీలకి.
సిగ్నళ్ల దగ్గర కుర్రాళ్లు ఫోటోలు తీసుకున్నారు.
ఆసుపత్రి పార్కింగులో ఒక మాగ్‌పై పిట్ట
మెరిసే సగంలో తన్ను తాను చూసుకుని
ముక్కుతో పొడిచి పొడిచి యుద్ధం చేసింది.
వెలిసిన సగం మీద కూర్చుని
అలుపు తీర్చుకుంది.

కొండనాలుకకి మందేస్తే, అనుకుంటూ
జోరాన్‌కి ఫోన్ చేసి వద్దన్నాను.
మెలెకి చేసి మిగతా సగం కానిమ్మన్నాను,
బానెట్ అంచున రాళ్లు కొట్టిన చుక్కలు అలా వదిలెయ్యి,
ఎడమ తలుపు ముట్టుకోకు.
దానికి అవసరం లేదులే, అంది.
నిజమే. దెబ్బ తిన్నచోటే రంగెక్కువ.
బండంతా అరిగి బూడిద రంగు తేలాక కూడా
కోలిన్ అబద్ధం ఎర్రగానే ఉంటుంది.

గుడ్డలు తెచ్చి ఉతికి
పెరటి తీగ మీద ఆరేశాను.
ఎన్ని నీళ్లు మార్చినా గులాబీ పోలేదు.
కంచె మీదుగా పక్కింటి మొయిరా
అయ్యో, దేన్నించో రంగు దిగిందే, అంది.
దిగింది, అన్నాను.
ఇంకొక్క ఉతుక్కి ఉంది.